బిగ్ బెర్తా రెక్క మళ్ళీ విరగకూడదని

మొన్న శనివారం మా మోడల్ రాకెట్ బిగ్ బెర్తా పద్నాలుగోసారి ఎగిరి, నాలుగు రెక్కలూ ఉన్నవి ఉన్నట్టుగా కిందికి దిగింది. ఇది రాయడానికి కారణం అదే. దీనికి ముందు కట్టినది మూడోసారి ఎగిరినప్పుడే ఒక రెక్క పోగొట్టుకుంది. ఆ తర్వాత నేను చాలా గట్టిగా కట్టాననుకున్న రెండోది మొదటిసారే గొట్టం చీల్చుకుని పడింది. ఇప్పుడున్నది మూడోది. మూడింటికీ కిట్ ఒకటే, మోటార్ ఒకటే, ఎగరేసిన చోటు ఒకటే, కట్టిన చెయ్యి కూడా ఒకటే. బలం ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు అన్న లెక్క ఒక్కటే మారింది.

మోడల్ రాకెట్ల సంగతి తెలియనివాళ్ళకి ముందు రెండు ముక్కలు. బిగ్ బెర్తా అనేది ఎస్టెస్ అనే అమెరికా కంపెనీ వాళ్ళ కిట్, 1960ల నుంచి పిల్లలూ పెద్దలూ కట్టుకుంటూ వస్తున్నది. రెండడుగుల పొడవు, 1.64 అంగుళాల లావున్న అట్ట గొట్టం, పైన ప్లాస్టిక్ ముక్కు, కింద బాల్సా అనే చాలా తేలికైన చెక్కతో నాలుగు పెద్ద రెక్కలు. అడుగున బొటనవేలంత మోటార్ పెడతాం, 18 మిల్లీమీటర్ల లావు, 70 మిల్లీమీటర్ల పొడవు, లోపల తుపాకిమందు. కరెంటుతో అంటిస్తే రెండు సెకన్లలోపే మండిపోయి రాకెట్‌ని పైకి తోసేస్తుంది, ఆ తర్వాత కొన్ని సెకన్లు పొగ మాత్రం వదులుతూ రాకెట్ తన ఊపు మీద పోతుంది, అప్పుడు మోటార్ ముందు వైపు నుంచి చిన్న పేలుడు వచ్చి ముక్కునీ దానికి కట్టిన పారాచూట్‌నీ బయటికి నెట్టేస్తుంది. మోటార్ మీద సీ6-5 అని ఉంటే, సీ అన్నది మందు అయిపోయేదాకా ఇచ్చే తోపుడంతా కలిపితే ఏ తరగతో చెబుతుంది (ఒక అక్షరం పైకి వెళ్తే గరిష్ఠ పరిమితి రెట్టింపు), 6 అన్నది సగటు తోపుడు న్యూటన్లలో, 5 అన్నది మందు అయిపోయాక ఆ పేలుడు దాకా పట్టే సెకన్లు. ఈ చివరి అంకెని మొదట్లో నేను సరిగ్గా పట్టించుకోలేదు. రెండో రాకెట్ పోవడంలో దానికీ వాటా ఉంది.

ఇక నేల సంగతి. మేం ఉండేది డాలస్‌కి ఉత్తరాన. ఇక్కడ నేల అచ్చం మన నల్లరేగడే. నేను పుట్టి పెరిగింది నరసరావుపేట దగ్గర, ఎండాకాలం వస్తే చేలో పగుళ్ళలో చెయ్యి పెడితే మోచేతి దాకా దిగేది. ఇక్కడికొచ్చిన మొదటి వేసవిలో ఇంటి వెనక అదే పగులు చూసి కాసేపు అక్కడే నిలబడిపోయాను. వాన పడితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి రాయిలా తయారవుతుంది. ఇళ్ళ పునాదులు కదలకుండా ఇక్కడి వాళ్ళు వేసవిలో ఇంటి చుట్టూ మట్టికి నీళ్ళు పడతారు. పారాచూట్ కట్టింది గొట్టం పై చివరే కాబట్టి దిగేటప్పుడు రాకెట్ తోక కిందికి వేలాడుతూ వస్తుంది, ముందు నేలకి తగిలేది రెక్క అంచే. పచ్చగడ్డి మీద దిగితే ఏమీ కాదు. ఆగస్టులో ఈ రేగడి మీద దిగితే సిమెంటు గచ్చు మీద పడ్డట్టే. అందుకే కిట్‌ని నేను తప్పుపట్టను. అది తేలిగ్గా ఉండాలని చేసిన కిట్, దాన్ని మా నేలకి తగ్గట్టు మార్చుకోవాల్సింది నేను.

మొదటిది రెక్క ఊడినప్పుడు నేను చేసిన పొరపాటు, ఊడిన రెక్కని సరిగ్గా చూడకపోవడం. ఇంటికి తీసుకొచ్చి డబ్బాలో పడేసి, వెంటనే కొత్త కిట్ తెచ్చి, ఎక్కడపడితే అక్కడ ఎపాక్సీ, అంటే రెండు మందులు కలిపితే రాయిలా గట్టిపడే జిగురు, పూశాను. రెక్కల మొదట్లో వేలెడు లావున, మోటార్ చుట్టూ, గొట్టం లోపల కూడా. రెక్కలకి రెండు పూతలు. గట్టిదనం చూసి చాలా ధైర్యంగా అనిపించింది, గోడకేసి కొట్టినా విరగదేమో అన్నట్టు ఉంది. తూచలేదు. ఎగిరేటప్పుడు, మొదట్లో నిటారుగా పోయేలా పట్టి ఉంచే కడ్డీని వదలగానే తోక అటూ ఇటూ ఆడటం మొదలైంది, వంకరగా కొంచెం ఎత్తు పోయి, తిరగబడి, ముక్కు కిందికి పెట్టి వస్తూ ఉండగా అప్పుడు పేలింది. అప్పటికి వేగం బాగా అందుకుంది. పారాచూట్ ఒక్కసారిగా తెరుచుకునేసరికి తాడు గొట్టం అంచుని కోసేసుకుంటూ నాలుగు అంగుళాల కిందికి దిగింది. దీన్ని ఇక్కడ జిప్పర్ అంటారు, చూడటానికి నిజంగా చొక్కాకి జిప్పు తీసినట్టే ఉంటుంది. ఎపాక్సీ పూసిన నాలుగు రెక్కలూ మాత్రం చెక్కుచెదరలేదు. మా అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుని "రెక్కలు బానే ఉన్నాయి కదా నాన్నా" అంది. ఔను, రెక్కలు బానే ఉన్నాయి, రాకెట్టే లేదు.

ఆ సాయంత్రం తూచాను, కాఫీ పొడి తూచే చిన్న త్రాసు మీద. కిట్ చెప్పినట్టు చెప్పినట్టుగా కట్టిన మొదటిది 68 గ్రాములు ఉండేది, ఇది 97. దానికి మోటార్ ఇంకో 24. మొత్తం 121 గ్రాములు. సీ6-5 మోటార్‌కి గరిష్ఠ బరువు 113 గ్రాములని కంపెనీ వాళ్ళే ఇస్తారు, మోటార్‌తో కలిపి. ఎక్కువ బరువంటే తక్కువ ఎత్తు ఒక్కటే అనుకునేవాణ్ణి. అది మాత్రమే అయితే ఇబ్బంది లేదు. బరువు పెరిగితే రాకెట్ తన పైఎత్తుకి ముందే చేరిపోతుంది, మోటార్ మాత్రం తన ఐదు సెకన్లూ తాను లెక్కపెట్టుకుంటుంది. పైన ఆగి మెల్లగా తిరిగే క్షణంలో తెరుచుకోవాల్సిన పారాచూట్, కిందికి దూసుకొచ్చేటప్పుడు తెరుచుకుంటుంది. గొట్టం చీలింది అందుకే.

ఇంకోటి తోక ఊగడం. నేను పెంచిన 29 గ్రాముల్లో దాదాపు అంతా తోకలోనే ఉంది. చిన్నప్పుడు దీపావళికి తారాజువ్వ పుల్ల విరిచేసి వెలిగిస్తే ఏమయ్యేదో మనందరికీ గుర్తే, ఎవరి ఇంట్లోకి దూరుతుందో తెలిసేది కాదు. ఆ పుల్ల చేసే పనే ఇక్కడ రెక్కలు చేస్తాయి. రాకెట్ బరువు ఒక చోట నిలుస్తుంది, దాన్ని గురుత్వ కేంద్రం అంటాం. పక్కనుంచి గాలి నెట్టే బలమంతా ఒక చోట కూడుతుంది, అది పీడన కేంద్రం. గురుత్వ కేంద్రం ముందు ఉండాలి, పీడన కేంద్రం వెనక ఉండాలి, రెండింటి మధ్య దూరం కనీసం గొట్టం వెడల్పంత ఉండాలి అన్నది అందరూ పాటించే లెక్క, దీనికైతే దాదాపు 42 మిల్లీమీటర్లు. రెక్కలు పెద్దగా ఉన్నది ఆ పీడన కేంద్రాన్ని వెనక్కి లాగడానికే. అలాంటి తోకకి నేను ఎపాక్సీ పూసి బరువుని కూడా వెనక్కి లాగేశాను. అది సర్దాలంటే ముక్కులో మట్టి కూరాలి, అంటే ఇంకా బరువు. తోకలో వేసే ఒక్కో గ్రాముకి పైన ఇంకొంత కట్టుకోవాల్సి వస్తుంది.

అప్పుడు డబ్బాలోంచి ఆ పాత రెక్కని బయటికి తీసి దీపం కింద పెట్టి చూశాను. మొదటి రోజే చూడాల్సింది. రెక్క మొదట్లో అంటించిన జిగురు అలాగే ఉంది, గీత గీసినట్టు చక్కగా. దానికి అంటుకుని సన్నటి, నిగనిగలాడే తెల్ల కాగితం పొర ఉంది, ఉల్లిపొరలాంటిది. అంటే జిగురు వదల్లేదు, చెక్క విరగలేదు, గొట్టం పైపొర ఊడొచ్చింది. గొట్టం నున్నగా కనపడటానికి పైన ఆ పొర చుడతారు, నేను దాని మీదే జిగురు పెట్టాను. కింద ఉన్న అసలు అట్టకి జిగురు ఇంకనే లేదు. ఇదే రెక్కకి కొస దగ్గర ఇంకో పగులు కూడా ఉంది, చెక్క నార వెంటే సన్నగా, వెంట్రుకలా. అది ఇంకా విరగలేదు గానీ తర్వాతిసారి విరిగేది. ఒకే రెక్క మీద రెండు వేరువేరు జబ్బులు. రెండింట్లో దేనికీ నా ఎపాక్సీ మందు కాదు.

మూడోదానికి అందుకే ముందు లెక్క రాసుకున్నాం. 113లోంచి మోటార్ 24 పోతే 89. కిట్ 68. చేతిలో ఉన్నది 21 గ్రాములు, అందులో సగమే వాడాలి అని అమ్మాయీ నేనూ అనుకున్నాం. ప్రతి పని తర్వాత తూచి నోట్‌బుక్‌లో రాసే బాధ్యత తనది. పదేళ్ళ పిల్ల, దశాంశాలు బళ్ళో అప్పుడే మొదలయ్యాయి, తప్పు పోకుండా రాసింది.

రెక్కలతో మొదలుపెట్టాం. బాల్సా నార వెంట సులువుగా చీలుతుంది, నారకి అడ్డంగా మాత్రం చీల్చడం కష్టం. గాలిపటం చేసినవాళ్ళకి దీనికి విరుగుడు చెప్పక్కర్లేదు, ఈనెకి కాగితం తోడైతే ఆ బలమే వేరు. ఇక్కడా అదే. మామూలు ప్రింటర్ కాగితం కత్తిరించి, రెక్కకి చెక్క జిగురు చాలా పల్చగా, పాత ఏటీఎం కార్డుతో గీకి పూసి, రెండు వైపులా ఒకేసారి కాగితం అంటించాలి. ఒక వైపు అంటించి ఆరాక రెండో వైపు చూద్దాం అనుకుంటే చెక్క అప్పడంలా వంగిపోతుంది. ముందు అంచు దగ్గర కాగితాన్ని కత్తిరించకుండా మడిచి అటు వైపుకి తీసుకెళ్ళాలి, ఆ మడతే దెబ్బలు తినే అంచుకి కవచం. మొదట్లో గొట్టానికి అతికే అంచుని మాత్రం కాగితం లేకుండా వదిలేయాలి, అక్కడ చెక్కే జిగురు తాగాలి. వంటింట్లో వాడే మైనపు కాగితం మధ్య పెట్టి, పైన బరువైన పుస్తకాలు పేర్చి ఒక రాత్రంతా వదిలేశాం. పొద్దున తీసి వేలితో మీటితే టక్‌మని మోగింది, ముందు రోజు అదే రెక్క మెత్తగా వంగేది. నాలుగింటికీ కలిపి పెరిగింది 5 గ్రాములు. నా అభిప్రాయంలో ఈ మొత్తం పనిలో గ్రాముకి ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే, ఇంకేమీ చేయలేకపోయినా ఇది ఒక్కటి చేయండి.

తర్వాత గొట్టం. రెక్క ఎక్కడ రావాలో గీత గీసుకుని, ఆ గీత మీద మాత్రమే, రెక్క మందం కన్నా కొంచెం వెడల్పుగా, 220 నంబరు గరుకు కాగితంతో ఆ నిగనిగ పొర పోయేదాకా రుద్దాం. గోధుమ రంగు అట్ట కనపడాలి. జిగురు రెండుసార్లు పెట్టే పద్ధతి ఒకటుంది: రెక్క అంచుకీ గొట్టానికీ సన్నగా పూసి, రెండు నిమిషాలు ఆగి అది బంకగా మారాక, ఇంకో సన్న పూత వేసి అదిమి పట్టుకోవడం. మొదటి పూత అట్ట నారలోకి ఇంకుతుంది, రెండోది రెండింటినీ కలుపుతుంది. చెక్కకీ అట్టకీ మామూలు పసుపు చెక్క జిగురు చాలు, సరిగ్గా ఆరితే అట్ట చిరగాల్సిందే తప్ప అతుకు వదలదు. ఎపాక్సీ ప్లాస్టిక్కుకి, లోహానికి మంచిది, ఇక్కడ మాత్రం బరువే ఎక్కువ. అంతా ఆరాక రెక్కకీ గొట్టానికీ మధ్య మూలలో అదే జిగురుతో చిన్న వంపు తిప్పాం, గచ్చూ గోడా కలిసేచోట మేస్త్రీ సిమెంటుతో గుండ్రంగా తిప్పుతాడు చూడండి, అలా. దీన్ని ఫిల్లెట్ అంటారు. తడి వేలితో ఒక్కసారే లాగాలి, మళ్ళీ మళ్ళీ ముట్టుకోకూడదు. సన్నగా రెండుసార్లు వేయడం, లావుగా ఒకసారి వేయడం కన్నా మేలు, లావుగా వేస్తే ఆరేటప్పుడు లోపల బుడగలొస్తాయి. 2 గ్రాములు.

తాడు విషయంలో కొంచెం ఓపిగ్గా చదవండి, ఎందుకంటే నేను ఇక్కడ ఇంకో పొరపాటు చేయబోయి ఆగాను. కిట్‌లో ముక్కునీ గొట్టాన్నీ కలిపే రబ్బరు తాడుని, మడత పెట్టిన కాగితంతో గొట్టం లోపలి గోడకి అంటించమంటారు. కొన్నిసార్లు ఎగరేయడానికి అది చాలు. కానీ ఏ రబ్బరైనా వేడి వాయువు తగిలీ తగిలీ పెళుసవుతుంది, లోపల అంటించిన దాన్ని మార్చడం కష్టం. దానికి బదులు కెవ్లార్ దారం వాడతారు చాలామంది. అది కరగదు, ఆ చిన్న పేలుడు వేడికి తట్టుకుంటుంది. మోటార్ గొట్టాన్ని పట్టి ఉంచే పై అట్ట రింగుకి చిన్న గాటు పెట్టి, దారాన్ని అందులోంచి దూర్చి మోటార్ గొట్టం చుట్టూ కట్టి, ముడి మీద జిగురు వేసి, ఆ తర్వాతే మొత్తాన్ని రాకెట్‌లోకి దించాలి. ముందే చేయాల్సిన పని ఇది, మోటార్ భాగం ఒకసారి లోపల అంటించేశాక ఇక చెయ్యి పోదు.

అయితే కెవ్లార్ సాగదు. సన్నగా, గట్టిగా, సాగకుండా ఉండే దారం గొట్టం అంచు దాటి బయటికి వస్తే అది రంపమే, గొట్టం చీల్చడంలో రబ్బరు కన్నా ఘోరం. నేను మూడడుగుల కెవ్లార్ కట్టబోతుంటే మైదానంలో ఎప్పుడూ కనిపించే ఒక పెద్దాయన ఈ మాట చెప్పి ఆపాడు. కాబట్టి దారం గొట్టం మూతికి ఒక అంగుళం లోపలే ఆగిపోవాలి. అక్కడ దాని కొసకి బట్టల ఎలాస్టిక్ కట్టాలి, పిల్లల పైజామాల్లో వేసేది, పావు అంగుళం వెడల్పుది. వేడి తగిలే చోట కెవ్లార్, అంచు తగిలే చోట వెడల్పైన మెత్తటి ఎలాస్టిక్. పొడవు రాకెట్‌కి మూడింతలు, ఆరడుగులు పెట్టాం. పొట్టిగా ఉంటే ముక్కు బయటికి ఎగిరి, తాడు చివరిదాకా సాగి, అదే వేగంతో వెనక్కి వచ్చి గొట్టాన్ని కొడుతుంది. సొట్ట పడుతుంది. పొడవుగా ఉంటే ఆ ఊపు దారిలోనే చచ్చిపోతుంది. ముడులు పారాచూట్‌కి అడ్డం రాకుండా ఎలాస్టిక్‌ని విసనకర్ర మడతలా మడిచి లోపల పెట్టాలి.

గొట్టం మూతికి లోపలా అంచునా నీళ్ళలాంటి పల్చటి సూపర్ గ్లూ ఇంకిపోయేలా రాశాను, అర అంగుళం మేర. అట్ట కాస్తా ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది. ఇది మాత్రం బయట, గాలి బాగా ఆడే చోట, కళ్ళద్దాలు పెట్టుకుని, పెద్దవాళ్ళే చేయాలి, దాని ఆవిరి కళ్ళలోకి వెళ్తే మంట మామూలుగా ఉండదు. ఆరాక లోపల మెత్తటి గరుకు కాగితంతో రుద్దాలి, లేకపోతే ముక్కు బిగుసుకుపోయి పేలినప్పుడు రాదు. ముక్కు పట్టుకుని రాకెట్ మొత్తాన్ని ఎత్తితే లేవాలి, చిన్నగా విదిలిస్తే ఊడాలి. బిగుతు అంత చాలు.

పారాచూట్ కథ మా అమ్మది. ఆరు నెలలు ఉండి పోదామని వచ్చింది. కిట్‌లో 18 అంగుళాల ప్లాస్టిక్ పారాచూట్ వస్తుంది, తేలిగ్గానే ఉంటుంది గానీ మడతల దగ్గర మడతలు అలాగే ఉండిపోయి, చల్లటి రోజుల్లో తెరుచుకోవడానికి బద్ధకిస్తుంది. గుడ్డది కుడదామని నేను ఏవేవో కొనబోతుంటే, "విరిగిన గొడుగు గరాజులో ఉంది కదరా, దాని గుడ్డ ఏం చేసుకుంటావ్" అంది. ఊడదీస్తే అచ్చం పారాచూట్ ఆకారమే, ఎనిమిది ముక్కలు కుట్టి ఉంది. మధ్యలోంచి 15 అంగుళాల మేర కత్తిరించాం. నేను అంచుని కొవ్వొత్తికి చూపిద్దామనుకున్నాను, అమ్మ ఒప్పుకోలేదు, చీరకి పికో చేసినట్టు చుట్టూ చేత్తో సన్నగా కుట్టేసింది, రెండు సాయంత్రాలు పట్టింది. తాళ్ళు కట్టే ఎనిమిది చోట్లా రెండేసి కుట్లు ఎక్కువ వేసింది. మధ్యలో గొడుగు కడ్డీ దూరే చిన్న చిల్లు అలాగే ఉంచాం, దాన్నుంచి కొంచెం గాలి పోతూ ఉంటే పారాచూట్ అటూ ఇటూ ఊగదు.

18 నుంచి 15కి తగ్గించడం చూస్తే, వేగంగా దిగి ఎక్కువ దెబ్బ తగులుతుంది కదా అనిపించొచ్చు. నేను వేసిన లెక్కలో సెకనుకి మూడున్నర మీటర్లు అయ్యేది నాలుగు దాటింది, అంతే. కాగితం తొడుక్కున్న రెక్కలు దానికి ఆగుతాయి. మెల్లగా దిగేది గాలికి కొట్టుకుపోయి చెట్ల మీదో, రోడ్డు మీదో, ఎవరి ఇంటి కప్పు మీదో పడుతుంది, అప్పుడు ఏ బలమూ పనికిరాదు. సీ మోటార్ ఎగరేయడానికి నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ నియమాల ప్రకారం కనీసం 400 అడుగుల మైదానం కావాలి, గాలి గంటకి 20 మైళ్ళు దాటితే అసలు ఎగరేయకూడదు. మేమైతే పది దాటితేనే సర్దుకుని ఇంటికొచ్చేస్తాం. గుడ్డ పారాచూట్ అయినా కింద మంట అంటుకోని వాడింగ్ కాగితం వేయడం మాత్రం మానకూడదు, వేడికి ఇదీ కరుగుతుంది.

ఒక స్నేహితుడు అడిగాడు, ఇంత శ్రమ ఎందుకు, సన్న అల్యూమినియం రేకుతో రెక్కలు కోసేస్తే పోదా అని. అది చేయకూడదు. ముక్కూ గొట్టమూ రెక్కలూ తేలికైన వస్తువులతోనే, లోహం లేకుండా ఉండాలన్నది ఈ ఆటకి మొదటి నియమాల్లో ఒకటి, దాని వెనక కారణం ఉంది. 1957లో స్పుత్నిక్ ఎగిరిన రోజుల్లో అమెరికా పిల్లలు ఇనుప గొట్టాల్లో మందు కూరి రాకెట్లు చేయబోయి చేతులు పోగొట్టుకునేవాళ్ళు. నెబ్రాస్కాలో చెప్పుల కొట్టు నడిపే ఆర్విల్ కార్లైల్ కాగితపు గొట్టంలో మోటార్ చేసి, వైట్ సాండ్స్‌లో రాకెట్ల పని చేసిన హ్యారీ స్టైన్‌కి పంపాడు, అక్కడి నుంచి మొదలైంది ఇదంతా. ఆ మోటార్లని యంత్రంతో వేల లెక్కన చేసే దారి చూపించింది కొలరాడోకి చెందిన వెర్న్ ఎస్టెస్. మోటార్ మనం చేయకూడదు, కొనాలి. రాకెట్ ఎవరికైనా తగిలినా కాగితమూ బాల్సా నలిగిపోవాలి, మనిషికి దెబ్బ తగలకూడదు. నేను బలం గురించి ఇంత రాస్తున్నా, నేలకి తట్టుకునేంత బలమే నాకు కావాలి, అంతకన్నా వద్దు. ఇండియా నుంచి అడిగేవాళ్ళకి ఒక మాట: కిట్ సూట్‌కేసులో పెట్టుకుని రావచ్చు, మోటార్లు మాత్రం విమానంలో ఏ పెట్టెలోనూ తేకూడదు.

అన్నీ అయ్యాక తూచితే 79. రెక్కల కాగితం 5, ఫిల్లెట్లు 2, తాడు 2, సూపర్ గ్లూ 1, పారాచూట్ 1. మోటార్‌తో 103. రంగు వేయలేదు, నాకు రంగు కన్నా ఆ రెండు మూడు గ్రాములు ముఖ్యం, అమ్మాయి స్కెచ్ పెన్నులతో రెక్కల మీద నాలుగు చేపలు వేసుకుంది.

ఎగరేసే ముందు ఒక పరీక్ష. మోటార్ పెట్టి, పారాచూట్ సర్ది, రాకెట్ ఎక్కడ తూకం నిలుస్తుందో అక్కడ తాడు కట్టి టేపు వేసి, ఎనిమిది అడుగుల తాడుతో తల చుట్టూ వడిసెల తిప్పినట్టు తిప్పాలి. ముక్కు ముందుకి పెట్టి వెళ్తే నిలకడ ఉన్నట్టు. పక్కకి తిరిగినా, తోక ముందుకొచ్చినా ఎగరేయకూడదు. పెరట్లో తిప్పుతుంటే అమ్మ వరండాలోంచి "కిటికీ జాగ్రత్త" అంటూనే ఉంది. రెండో చుట్టుకే ముక్కు ముందుకి తిరిగి, ఆపేదాకా అలాగే ఉంది. ఎపాక్సీ పూసిన దానికి ఈ పరీక్ష పెట్టి ఉంటే అది మైదానం దాకా వెళ్ళేదే కాదు.

మొదటిసారి ఎగిరినప్పుడు నాకు చాలా టెన్షన్‌గా ఉంది. పదిహేను అడుగుల దూరంలో నిలబడి అమ్మాయి ఐదు నుంచి లెక్కపెట్టి మీట నొక్కింది. తోక ఆడలేదు. గీత గీసినట్టు పోయి, పైన కాస్త ఒరిగి, అప్పుడే పేలింది, గొడుగు గుడ్డ టప్‌మని విచ్చుకుంది. నల్లటి గుడ్డ కాబట్టి నీలాకాశంలో బాగా కనపడింది కూడా, ఇది మేం అనుకోని లాభం. సగం ఎండిన గడ్డి మీద దిగింది. పరుగెత్తుకెళ్ళి ముందు చూసింది రెక్కలని.

తర్వాత పదమూడుసార్లలో జరిగినవి: నాలుగోసారి ఒక రెక్క కొస దగ్గర కాగితం మడత నలిగింది, సూపర్ గ్లూ ఒక చుక్క వేసి వేలిగోరుతో అదిమితే సరిపోయింది. తొమ్మిదోసారి రోడ్డు పక్క కాలిబాట సిమెంటు మీద పడింది, అదే రెక్క ఫిల్లెట్‌లో వెంట్రుక మందం గీత వచ్చింది, మళ్ళీ జిగురు వేశాను. పదకొండోసారి తర్వాత ఎలాస్టిక్ కింది భాగం నల్లబడి సాగడం తగ్గింది, గొట్టం మూతి దగ్గర ముడి విప్పి కొత్తది కట్టడానికి ఐదు నిమిషాలు పట్టింది. కెవ్లార్ మసి పట్టింది, లాగి చూస్తే గట్టిగానే ఉంది, కానీ ముడి దగ్గర మాత్రం ప్రతిసారీ టార్చి వేసి చూస్తున్నాను. మూతి చీలలేదు.

ఇంకా పది గ్రాములు మిగిలున్నాయి. ఎంత ఎత్తు పోయిందో చెప్పే చిన్న ఆల్టిమీటర్ ఒకటి ముక్కులో పెడదామని అమ్మాయి అడుగుతోంది. ముక్కులో బరువు కాబట్టి నిలకడకి మంచిదే, నాకు అభ్యంతరం లేదు. ముందు అది తెప్పించి, కాఫీ త్రాసు మీద పెట్టి చూడాలి.